13–0 తర్వాత: ఫారో దీవుల మహిళల జట్టు ఎవరితో ఆడాలి?

వంశధార:
ఐస్‌లాండ్‌కూ నార్వేకూ స్కాట్లండ్‌కూ నడుమ ఉత్తర అట్లాంటిక్‌లో 18 దీవుల గుంపు ఒకటి ఉంది. అవే ఫారో దీవులు. డెన్మార్క్ రాజ్యంలో భాగమే అయినా 1948 నుంచి అక్కడ స్వపరిపాలన సాగుతోంది. జనాభా 54 వేలకు కొంచెం పైన, అంటే మన దగ్గర ఒక మోస్తరు మండలమంత. ఇంత చిన్న ప్రాంతానికి 1988లో ఫిఫా సభ్యత్వం, 1990లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన యూఈఎఫ్‌ఏ సభ్యత్వం వచ్చాయి. అందువల్ల అక్కడి మహిళల జట్టు ప్రపంచ కప్, యూరో (యూరప్ దేశాల కప్) అర్హత పోటీల్లో పెద్ద దేశాలతో సమాన హోదాలో బరిలోకి దిగుతుంది.

ఈ చర్చకు కారణం 2019 నాటి ఒక ఫలితం. యూరో అర్హత పోటీల్లో నార్వే ఆ జట్టును 13–0 తేడాతో ఓడించింది. అదే ఏడాది వేసవిలో ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లిన జట్టు నార్వే. అవతలి వైపు ఉన్నవారిలో ఎక్కువ మంది చదువో ఉద్యోగమో చేసుకుంటూ సాయంత్రాలు సాధనకు వచ్చే అమ్మాయిలు. ఇలాంటి మ్యాచ్ వల్ల ఓడిన జట్టుకు ఏమైనా ఒరుగుతుందా, లేక పట్టికలో ఒక గడి నింపడానికే దాన్ని ఆడిస్తున్నారా అన్నది నా ప్రశ్న. జాలి మాటలు పక్కన పెట్టి, ఆటపరంగా ఆలోచించి చెప్పవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

మూడో అంపైర్:
ఆటపరంగానే చెబుతాను. 54 వేల మందికి ప్రత్యేక జాతీయ జట్టు ఉండటమే అసలు చిక్కు. పాస్‌పోర్టు డెన్మార్క్‌ది, పై చదువులకు వెళ్లేది ఎక్కువగా డెన్మార్క్‌కే. డెన్మార్క్ మహిళల జట్టు 2017 యూరోలో ఫైనల్ ఆడింది. ఫారో దీవుల్లో నిజంగా ప్రతిభ ఉన్న అమ్మాయి అక్కడి లీగ్‌లో ఆడి, బాగా ఆడితే డెన్మార్క్ జట్టులోకి వెళ్లవచ్చు కదా.

ఓలండ్ దీవులను చూడండి. ఫిన్లండ్‌లో స్వయంప్రతిపత్తి ఉన్న, స్వీడిష్ మాట్లాడే ప్రాంతం అది. జనాభా సుమారు 30 వేలు, అంటే ఫారో కంటే తక్కువ. ఫిఫాలో వారికి జట్టు లేదు. కానీ వారి క్లబ్ ఓలండ్ యునైటెడ్ ఫిన్లండ్ మహిళల లీగ్‌లో ఆడుతూ 2009, 2013, 2020లలో ఏకంగా విజేతగా నిలిచింది. జెండా కింద 13 గోల్స్ తినడం కంటే పక్క దేశపు లీగ్‌లో గెలవడమే మేలు కాదా?

దీపస్తంభం:
అంపైర్ గారూ, ఓలండ్ ఉదాహరణ మంచిదే, కానీ అది మీ వాదానికి సగం దూరమే తోడు వస్తుంది. ఓలండ్ యునైటెడ్ క్లబ్ గనుక బయటి నుంచి క్రీడాకారిణులను తెచ్చుకోగలదు. ఆ క్లబ్ లీగ్ గెలిచిందంటే దాని నిర్వహణ బాగుందని అర్థం, దీవుల్లో పుట్టిన పదకొండు మంది అమ్మాయిలు గెలిచారని కాదు. జాతీయ జట్టుకు ఆ వెసులుబాటు లేదు.

డెన్మార్క్ జట్టులోకి వెళ్లే దారి ఫారో అమ్మాయిలకు ఇప్పటికే తెరిచి ఉంది. ఒకే పౌరసత్వం కింద రెండు మూడు ఫుట్‌బాల్ సంఘాలు ఉన్నచోట ఫిఫా ఒక నిబంధన పెట్టింది. క్రీడాకారిణి ఆ ప్రాంతంలో పుట్టి ఉండాలి, లేదా తల్లిదండ్రుల్లో ఒకరో, వారి తల్లిదండ్రుల్లో ఒకరో అక్కడ పుట్టి ఉండాలి, అదీ కాకపోతే నిర్ణీత కాలం అక్కడ నివసించి ఉండాలి. డెన్మార్క్, ఫారో దీవుల మధ్య ఈ లెక్క రెండు వైపులా వర్తిస్తుంది. కాబట్టి ఫారో జట్టు ఉన్నంత మాత్రాన ఎవరి దారీ మూసుకుపోవడం లేదు. అది లేకపోతే మాత్రం డెన్మార్క్ స్థాయికి చేరలేని ఇరవై మంది అమ్మాయిలకు అంతర్జాతీయ మ్యాచ్ అనేదే ఉండదు. మీరు ఒకరిద్దరి గురించి ఆలోచిస్తున్నారు, నేను ఆ ఇరవై మంది గురించి ఆలోచిస్తున్నాను.

సభ్యత్వం లేని దీవుల పరిస్థితి ఎలా ఉందో కూడా చూడాలి. జెర్సీ దీవి యూఈఎఫ్‌ఏ తలుపు తట్టగా 2018లో తిరస్కరించారు. డెన్మార్క్ రాజ్యంలోనే ఉన్న గ్రీన్లండ్ ఉత్తర అమెరికా సమాఖ్యలో చేరాలని ప్రయత్నించగా 2025 జూన్‌లో కాదన్నారు. ఫారో వాళ్లు తలుపులు మూసుకోకముందే లోపలికి వచ్చేశారు. చేతికి అందిన ఆ స్థానాన్ని వదులుకోమని చెప్పడం సులభమే, కానీ మళ్లీ అడిగితే ఇచ్చేవారు లేరు.

రవళి, వ్యాయామ ఉపాధ్యాయిని:
నిజామాబాద్ జిల్లాలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి ఈ చర్చలో ఒక మాట చెప్పాలనిపించింది. 2025 జూన్‌లో ఆసియా కప్ అర్హత పోటీల్లో భారత మహిళల జట్టు మంగోలియాను సరిగ్గా ఇదే 13–0 తేడాతో ఓడించింది. మా జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య కూడా ఆ రోజు గోల్స్ చేసింది. మేమంతా సంబరపడ్డాము, అందులో తప్పేమీ లేదు. అయితే ఆ పోటీల్లో భారత జట్టు నిజంగా ఏం నేర్చుకుందని అడిగితే మాత్రం నేను మంగోలియా మ్యాచ్ పేరు చెప్పను. ఆఖరున థాయిలాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2–1తో ఓడించిన మ్యాచ్ చూపిస్తాను. ఆసియా కప్‌కు అర్హత తెచ్చిపెట్టింది ఆ మ్యాచే. ఒక గోల్ తేడాతో చివరి నిమిషం దాకా నిలబడటం, అలసిపోయిన కాళ్లతో కూడా స్థానం వదలకుండా ఉండటం, ఎప్పుడు బంతిని పట్టి ఉంచాలో ఎప్పుడు దూరంగా తన్నాలో నిర్ణయించుకోవడం అలాంటి ఆటలోనే వస్తాయి.

పదమూడు గోల్స్ కొట్టిన జట్టుకే నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ మిగలనప్పుడు, తిన్న జట్టుకు ఏం మిగులుతుంది? తొంభై నిమిషాలూ సొంత పెనాల్టీ బాక్సు చుట్టూ గుమిగూడి, దొరికిన బంతిని దొరికినట్టు బయటికి తన్నడం ఒక్కటే ఆ రోజు సాధన అవుతుంది. మిడ్‌ఫీల్డ్‌లో ఆడే అమ్మాయికి తల ఎత్తి పాస్ ఇచ్చే అవకాశం పదిసార్లు కూడా రాదు. ఫార్వర్డ్ అయితే ఆ మ్యాచ్‌లో ప్రేక్షకురాలే.

వంశధార:
రవళి గారు చెప్పినది ఈ చర్చకు కీలకం. ఆ 13–0 ఆకాశం నుంచి ఊడిపడలేదు, పోటీల నిర్మాణంలో జరిగిన ఒక మార్పు దానికి కారణం. కొంచెం వివరంగా రాస్తాను.

అంతకుముందు యూరప్ మహిళల అర్హత పోటీల్లో చిన్న జట్లకు ప్రాథమిక దశ ఒకటి ఉండేది. నాలుగేసి జట్లు ఒక చోట చేరి వారం పది రోజుల్లో తమలో తాము ఆడుకునేవి, పైన నిలిచినవి అసలు గ్రూపుల్లోకి వెళ్లేవి. 2015 ప్రపంచ కప్ కోసం 2013 ఏప్రిల్‌లో లిథువేనియాలో జరిగిన అలాంటి టోర్నీలో ఫారో అమ్మాయిలు ఆతిథ్య లిథువేనియా, జార్జియా, మాంటెనెగ్రోలతో తలపడి అసలు గ్రూపు దశకు చేరారు. ఆ జట్టు చరిత్రలో చెప్పుకోదగ్గ విజయం అది. పేపర్లలో దానికి పెద్దగా చోటు దక్కలేదు, ఎందుకంటే ఆ తర్వాత గ్రూపులో ఎదురైనది స్వీడన్, స్కాట్లండ్ వంటి జట్లు.

2019లో మొదలైన యూరో అర్హత పోటీలకు ఈ ప్రాథమిక దశను ఎత్తివేశారు. అందరినీ నేరుగా గ్రూపుల్లో వేశారు. చిన్న జట్లకు మ్యాచ్‌లు పెరుగుతాయన్నది దాని మీద వినిపించిన మంచి మాట. మ్యాచ్‌లు పెరిగిన మాట నిజమే. ఫారో గ్రూపులో నార్వే, వేల్స్, ఉత్తర ఐర్లండ్, బెలారస్ ఉన్నాయి. వాటిలో సమవుజ్జీ అనదగినది ఒక్కటీ లేదు. మ్యాచ్‌ల సంఖ్య పెరిగి, ఆడదగిన మ్యాచ్‌లు తగ్గిపోయాయి. నిర్వాహకుల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు, ఫలితాన్ని మాత్రమే చూస్తున్నాను.

2023లో మహిళల నేషన్స్ లీగ్ వచ్చింది. జట్లను ఎ, బి, సి అని మూడు అంతస్తులుగా విడదీసి, పై నుంచి కిందికీ కింద నుంచి పైకీ మార్పులు పెట్టారు. ఫారో దీవులు సి లీగ్‌లో అజర్‌బైజాన్, మాంటెనెగ్రో, సైప్రస్‌లతో కలిసి ఆడాయి. ఆ జాబితాను 2019 నాటి గ్రూపుతో పోల్చి చూడండి. నా అభిప్రాయంలో ఆ జట్టుకు ఇన్నాళ్లూ లేనిది ప్రతిభ కాదు, ఏడాదంతా క్రమంగా దొరికే సమాన ప్రత్యర్థులు.

పాత రేడియో:
ఫారో అనగానే నాకు గుర్తొచ్చేది పురుషుల జట్టు కథే. 1990 సెప్టెంబరు 12న తమ మొదటి అధికారిక పోటీ మ్యాచ్‌లో ఆస్ట్రియాను 1–0తో ఓడించారు. ఆ మ్యాచ్‌ను సొంత దీవుల్లో కాక స్వీడన్‌లోని లాండ్స్‌క్రూనాలో ఆడవలసి వచ్చింది, ఎందుకంటే అప్పటికి దీవుల్లో నిబంధనలకు సరిపోయే పచ్చిక మైదానం లేదు. గోల్ కొట్టినవాడు టోర్కిల్ నీల్సన్. ఊలు టోపీ పెట్టుకుని గోల్ కాచిన యెన్స్ మార్టిన్ క్నుడ్సెన్ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. మొన్న 2025 అక్టోబరులో కూడా చెక్ జట్టును తమ రాజధాని టోర్షావ్న్‌లో 2–1తో ఓడించారు.

మహిళల జట్టుకు అలాంటి ఒక్క రాత్రి ఇంకా రాలేదు. అది రాకపోవడమే వారి గురించి ఎవరూ రాయకపోవడానికి కారణమని నా అనుమానం. ఇన్నేళ్ల ఆటలో ఒక్క సంచలనం ఉంటే చాలు, మిగిలిన ఓటములన్నీ ఆ కథకు నేపథ్యంగా మారిపోతాయి. అది లేనప్పుడు 13–0 ఒక్కటే అంకెగా నిలిచిపోతుంది.

కానీ వాళ్ల విజయాలు వేరే చోట ఉన్నాయి. రెండేళ్లకోసారి దీవుల మధ్య జరిగే ఐలండ్ గేమ్స్‌లో మహిళల ఫుట్‌బాల్‌ను 2001లో ప్రవేశపెట్టారు. 2001, 2003, 2005 మూడుసార్లూ గెలిచింది ఫారో అమ్మాయిలే. తమ అంత జట్లతో ఆడినప్పుడు వాళ్లు ఏం చేయగలరో అప్పుడే తెలిసిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత యూరప్ సమాఖ్య అదే సంగతిని నేషన్స్ లీగ్ పేరుతో కనుక్కుంది.

దీపస్తంభం:
పాత రేడియో గారి ఆఖరి వాక్యం చదివి నవ్వుకున్నాను. దానికి తోడు లీగ్ సంగతి కూడా చూడాలి, ఎందుకంటే అసలు సమస్యలో సగం అక్కడే ఉంది.

ఫారో మహిళల లీగ్‌లో 2000 నుంచి 2016 దాకా వరుసగా 17 సార్లు ఒకే క్లబ్ గెలిచింది. అది ఉత్తర దీవుల్లోని కేఐ క్లాక్స్‌విక్. ఆ ఊరి జనాభా సుమారు 5 వేలు. దేశంలోని మంచి క్రీడాకారిణుల్లో పెద్ద భాగం ఒకే ఊరి క్లబ్‌లో ఉండటం జాతీయ జట్టుకు ఒక రకంగా మేలే, కలిసి ఆడే అలవాటు ఉంటుంది. రాన్వా అండ్రేసన్ వంటి స్ట్రైకర్ ఆ క్లబ్‌లో ఏళ్ల తరబడి గోల్స్ కొట్టి, జాతీయ జట్టుకూ అదే పని చేసింది. కానీ మిగతా లీగ్ మాటేమిటి? కేఐ గోల్‌కీపర్‌కు సగం మ్యాచ్‌ల్లో బంతి అందే పనే ఉండదు. యూరప్ క్లబ్ పోటీల్లోకి వెళ్లగానే అదే అమ్మాయి మీద తుపాను విరుచుకుపడుతుంది. అంటే ఒకే క్రీడాకారిణి మరీ తేలికైన ఆటకూ మరీ కష్టమైన ఆటకూ నడుమ ఊగిసలాడుతుంది, మధ్య స్థాయి ఆట ఆమెకు దొరకదు.

2017లో ఆ వరుసను తెంచిన జట్టు పేరు ఈబీ/స్ట్రేయ్‌మూర్/స్కాలా. పేరులోనే గీతలు కనిపిస్తున్నాయి కదా, అది పక్కపక్క ఊళ్ల క్లబ్బులు కలిసి నిలబెట్టిన ఉమ్మడి జట్టు. ఒక్కో ఊరిలో పదకొండు మంది అమ్మాయిలు దొరకనప్పుడు ఊళ్లు చేతులు కలపడం తప్ప వేరే మార్గం లేదు. ఆ జట్టు 2018లో కూడా గెలిచింది. నాకు ఇది 13–0 కంటే పెద్ద వార్త.

రవళి, వ్యాయామ ఉపాధ్యాయిని:
దీపస్తంభం గారూ, ఊళ్లు కలిసి జట్టు కట్టడం గురించి చదువుతుంటే ఒక సందేహం వచ్చింది. అక్కడి ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఒక్కటే ఆడతారా? మా బడుల్లో అమ్మాయిలను కబడ్డీ, ఖోఖో, అథ్లెటిక్స్ పంచుకున్నాక మిగిలినవారే ఫుట్‌బాల్‌కు వస్తారు. జనాభా లెక్క కంటే ఈ పంపకమే అసలు లెక్క అని నా అనుభవం.

పాత రేడియో:
రవళి గారూ, అక్కడ ఆ పంపకంలో పెద్ద వాటాదారు హ్యాండ్‌బాల్. ఏడుగురితో, ఇంటి కప్పు కింద ఆడే ఆట. గాలీ వానా విడవని దీవుల్లో అది అతికినట్టు సరిపోతుంది. ఫారో మహిళల హ్యాండ్‌బాల్ జట్టు 2024 యూరో పోటీలకు మొదటిసారి అర్హత సాధించింది. పదమూడు, పద్నాలుగేళ్ల చురుకైన అమ్మాయి ఒక ఆటను ఎంచుకోవలసి వచ్చినప్పుడు, టీవీలో యూరో ఆడుతున్న తన ఊరి అక్కలను చూసి ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. ఫుట్‌బాల్‌లో పురుషులు గెలుస్తున్నారు, హ్యాండ్‌బాల్‌లో మహిళలూ గెలుస్తున్నారు. మహిళల ఫుట్‌బాల్ ఈ రెండింటి మధ్య నలుగుతోంది.

మూడో అంపైర్:
అందరూ కలిసి నన్ను ఒంటరిని చేశారు, సంతోషం. అయినా ఒక సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. 2019లో మొదలైన అదే గ్రూపులో ఉత్తర ఐర్లండ్ కూడా ఉంది. వాళ్ల క్రీడాకారిణుల్లో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ ఆడేవారే. నార్వే చేతిలో వాళ్లూ ఆరేసి గోల్స్ తిన్నారు. కానీ అదే పోటీల్లో ప్లేఆఫ్‌లకు చేరి, ఉక్రెయిన్‌ను ఓడించి, 2022 యూరోకు వెళ్లారు. పెద్ద జట్ల చేతిలో దెబ్బలు తినడం వల్ల ఏమీ రాదని మీరంటున్నారు. మరి వాళ్లకు ఎలా వచ్చింది? ఒకే అంతస్తు వాళ్లతోనే ఆడుతూ ఉంటే ఆ అంతస్తులోనే ఉండిపోయే ప్రమాదం లేదా? వేగం అంటే ఏమిటో నార్వేతో ఆడినవారికే తెలుస్తుంది.

దీపస్తంభం:
ఇది నిజంగా బరువున్న వాదం. అయితే ఉత్తర ఐర్లండ్ జనాభా 19 లక్షలు, ఫారోకు ముప్పై రెట్లకు పైగా. పక్కనే ఇంగ్లండ్, స్కాట్లండ్ లీగ్‌లు ఉన్నాయి. పైగా ఆ గ్రూపులో వారికి వేల్స్, బెలారస్ రూపంలో పోటీపడదగిన ప్రత్యర్థులు దొరికారు. వేల్స్‌తో పోరాడి సాధించిన ఫలితాలే వారిని రెండో స్థానంలో నిలబెట్టాయి, నార్వేతో తిన్న దెబ్బలు కాదు. గ్రూపులో ఆఖరి స్థానంలో ఉన్న జట్టుకు అలాంటి ప్రత్యర్థి ఎవరూ ఉండరు. మీరు ఇచ్చిన ఉదాహరణ కూడా చివరికి సమవుజ్జీల అవసరాన్నే చూపిస్తోంది.

వేగం గురించి మీరన్నది మాత్రం ఒప్పుకుంటాను. దానికి నా సూచన ఏమిటంటే, పెద్ద జట్లతో మ్యాచ్‌లు స్నేహపూర్వక మ్యాచ్‌లుగా ఏడాదికి ఒకటో రెండో ఉండాలి. పాయింట్ల పట్టికలో ప్రతి రెండో మ్యాచ్‌గా ఉండకూడదు.

వంశధార:
అంపైర్ గారి సందేహానికి రెండో వైపు కూడా ఉంది. అంతస్తులు పెట్టాక సమస్య పూర్తిగా తీరిందని నేను కూడా అనుకోవడం లేదు. 2025 యూరో అర్హత పోటీల్లో సి లీగ్ గ్రూపు విజేతలకూ, రెండో స్థానాల్లో మెరుగైన ముగ్గురికీ ప్లేఆఫ్ ఇచ్చారు. వినడానికి బాగుంది. కానీ ఆ ప్లేఆఫ్‌లో ఎదురుగా నిలబెట్టింది ఎ లీగ్ జట్లను. సి లీగ్ నుంచి వచ్చిన అల్బేనియాకు 2024 అక్టోబరులో ఎదురైనది మళ్లీ నార్వేయే. మొదటి మ్యాచ్ 5–0, రెండోది 9–0. ఏడాదంతా తమ స్థాయి జట్లతో ఆడి గెలిచి, బహుమతిగా రెండు మ్యాచ్‌ల్లో 14 గోల్స్ తిన్నారు. రేపు ఫారో అమ్మాయిలు కష్టపడి సి లీగ్‌లో మొదటి స్థానం తెచ్చుకుంటే వారికి దక్కేదీ ఇలాంటిదే కావచ్చు.

సి లీగ్ విజేతను మొదట బి లీగ్‌లోని మూడో నాలుగో స్థానపు జట్టుతో ఆడించి, అక్కడ గెలిస్తే ఎ లీగ్ జట్టు మీదికి పంపాలన్నది నా ప్రతిపాదన. ఒక మెట్టు అదనంగా వస్తుంది, రెండు మ్యాచ్‌ల తేదీలు ఎక్కువ కావాలి. మహిళల క్యాలెండర్‌లో ఆ తేదీలు దొరుకుతాయా అన్నదే అడ్డంకి. క్లబ్బులు క్రీడాకారిణులను వదలాల్సిన అంతర్జాతీయ విరామాలు ఏడాదికి కొన్నే ఉంటాయి, వాటిలో ఒకటి దీనికి పోతుంది. ఫారో వంటి జట్టులో సగం మందికి ఆ విరామమంటే ఉద్యోగానికి సెలవు కూడా. ఆ సెలవు జీతం ఎవరు భర్తీ చేస్తారన్నది తేల్చకుండా మెట్లు పెంచడం వల్ల లాభం లేదు. యూఈఎఫ్‌ఏ హ్యాట్రిక్ అనే తన అభివృద్ధి నిధిని సభ్య సంఘాలకు ఎలాగూ పంచుతోంది. అందులో కొంత భాగాన్ని సి లీగ్ క్రీడాకారిణుల సెలవు జీతానికే ప్రత్యేకించాలని నేనంటాను.

మూడో అంపైర్:
మైదానాలకు, భవనాలకు వెళ్లే డబ్బులో నుంచి జీతాలకు ఇవ్వమంటే సంఘాలు అంత తేలిగ్గా ఒప్పుకోవు. కానీ ఈ ఒక్క విషయంలో మీతో ఉన్నాను. పదమూడు గోల్స్ తిన్న గోల్‌కీపర్ మర్నాడు ఉదయం ఆఫీసుకు వెళ్లవలసి రావడం నాకూ న్యాయంగా కనిపించడం లేదు. జట్టు ఉండాలా వద్దా అన్న ప్రశ్నను మాత్రం నేను ఇంకా వదల్లేదు.